ఖజానా కంపెనీది, రాజకీయం ఎవరిది?

2010 వేసవిలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో గవర్నర్ ఎన్నికలు వేడెక్కాయి. మిన్నియాపొలిస్ కేంద్రంగా దేశమంతటా దుకాణాలు నడుపుతున్న టార్గెట్ కంపెనీ ‘మిన్నెసోటా ఫార్వర్డ్’ అనే రాజకీయ నిధికి 1,50,000 డాలర్ల విరాళమిచ్చింది. అందులో లక్ష నగదు, మిగిలింది సేవల రూపంలో. అదే రాష్ట్రానికి చెందిన ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ బెస్ట్ బై మరో లక్ష ఇచ్చింది. వ్యాపార వర్గాలు కలిసి పెట్టుకున్న ఆ నిధి చెప్పుకున్న ధ్యేయం ఉద్యోగాలు, పన్నులు, ఆర్థికాభివృద్ధి. ఆ డబ్బుతో టీవీ ప్రకటనలు వెలువడింది మాత్రం స్వలింగ వివాహాన్ని బాహాటంగా వ్యతిరేకించే రిపబ్లికన్ అభ్యర్థి టామ్ ఎమ్మర్ కోసం.

స్వలింగ జంటల హక్కుల విషయంలో టార్గెట్‌కు అప్పటిదాకా మంచి పేరుండేది. ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకూ సదుపాయాలు కల్పించేది. మిన్నియాపొలిస్‌లో ఏటా జరిగే ప్రైడ్ ఉత్సవానికి ఆర్థికంగా అండగా నిలిచేది. లైంగిక మైనారిటీల హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ ప్రకటించే సమానత్వ సూచీలో వందకు వంద తెచ్చుకుంది. అలాంటి సంస్థ సొమ్ము ఎమ్మర్ ప్రచారానికి చేరిందని తెలియగానే కొనుగోలుదారులు బహిష్కరణకు పిలుపునిచ్చారు. సొంత ఉద్యోగులే నిలదీశారు. ఆగస్టులో సంస్థ అధినేత గ్రెగ్ స్టైన్‌హాఫెల్ తన ఉద్యోగులకు లేఖ రాసి క్షమాపణ చెప్పారు. నవంబరులో ఎమ్మర్ 9 వేల లోపు ఓట్ల తేడాతో డెమోక్రాట్ మార్క్ డేటన్ చేతిలో ఓడిపోయారు.

ఈ ఉదంతంలో అందరికీ గుర్తుండిపోయింది బహిష్కరణ, క్షమాపణ. అసలు గుర్తుంచుకోవలసింది వేరే ఉంది. ఆ విరాళం సంగతి జనానికి ఎలా తెలిసింది? ఆ ఏడాది జనవరి 21న ‘సిటిజన్స్ యునైటెడ్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీల ఎన్నికల వ్యయానికి గేట్లెత్తింది. ఆ తీర్పు దరిమిలా మిన్నెసోటా శాసనసభ తన చట్టాన్ని సవరించుకుని, కంపెనీలు ఖర్చు పెట్టవచ్చు గానీ పేరు, మొత్తం ప్రకటించి తీరాలని షరతు పెట్టింది. ఆ షరతు వల్లే టార్గెట్ పేరు బయటికొచ్చింది. అలాంటి షరతు లేని చోట అదే కంపెనీ అదే మొత్తాన్ని అదే పని కోసం ఇచ్చినా ఎవరికీ తెలిసేది కాదు. తెలియకపోతే లేఖా లేదు, క్షమాపణా లేదు, విరాళాల విధానాన్ని కంపెనీ పునఃపరిశీలించుకోవడమూ లేదు.

స్వలింగ జంటల హక్కులను వ్యతిరేకించే రాజకీయాలకు వ్యాపార సంస్థలు ఇచ్చే విరాళాలను వెల్లడించాలా? వెల్లడించాలి. ఎందుకు వెల్లడించాలో, ఎవరు వెల్లడించాలో, ఎంతవరకో కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ హద్దులు గీయకుండా పారదర్శకత కావాలని అడిగితే, ఆ కోరిక తిరిగి బలహీనుల మీదికే వస్తుంది.

విరాళానికి పొట్లాలు కట్టలేం

‘హక్కుల వ్యతిరేక విరాళాలను’ మాత్రమే వెల్లడించాలని అడిగితే మొదటి అడుగే తప్పుతుంది. అలాంటి విరాళాన్ని ఎవరూ ఆ పేరు పెట్టి ఇవ్వరు. టార్గెట్ ఇచ్చింది పన్నుల విధానం నచ్చి. ఆ మాటను అనుమానించనక్కరలేదు. కానీ ఎన్నికల్లో గెలిచే అభ్యర్థి ఒకే గంపగా వస్తాడు. పన్నుల మీద అతని ఆలోచనను గెలిపించి, పెళ్లి మీద అతని ఆలోచనను ఓడించే వెసులుబాటు దాతకు లేదు. అతను సంతకం చేసే ప్రతి బిల్లు వెనకా, అడ్డుపడే ప్రతి బిల్లు వెనకా ఆ విరాళం ఉంటుంది. మిన్నెసోటాలో 2012లో స్వలింగ వివాహాన్ని రాజ్యాంగపరంగా నిషేధించే సవరణను ఓటర్లు తిరస్కరించారు. 2013లో అక్కడి శాసనసభ ఆ వివాహాలకు చట్టబద్ధత కల్పించింది, గవర్నర్ డేటన్ సంతకం చేశారు. 2010లో ఆ 9 వేల ఓట్లు అటు తిరిగి ఉంటే ఆ కుర్చీలో ఉండేది ఎమ్మర్.

2022లో ఫ్లోరిడాలో ఇదే మరో రూపంలో బయటపడింది. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు తరగతి గదుల్లో లైంగికత, జెండర్ గుర్తింపు అంశాల బోధనను నిషేధించే బిల్లు అక్కడి చట్టసభలో నడుస్తోంది. ఆ బిల్లును తెచ్చిన, బలపరిచిన శాసనసభ్యులకు వాల్ట్ డిస్నీ కంపెనీ గతంలో విరాళాలిచ్చిందని అక్కడి పత్రికలు రాశాయి. రాష్ట్రంలో విరాళాల వివరాలు బహిరంగ రికార్డులో ఉండబట్టే అది సాధ్యమైంది. లైంగిక మైనారిటీలకు చెందిన వేలమంది పనిచేసే సంస్థ అది. ఉద్యోగులు నిరసన తెలిపారు. మార్చి 11న అప్పటి అధినేత బాబ్ చాపెక్ క్షమాపణ చెప్పి ఫ్లోరిడాలో రాజకీయ విరాళాలన్నిటినీ నిలిపివేశారు. డిస్నీ ఆ డబ్బు ఆ బిల్లు కోసం ఇచ్చిందని ఎవరూ అనలేదు. పర్యాటక వ్యాపారం సాఫీగా సాగాలని ఏళ్ల తరబడి అందరికీ ఇస్తూ వచ్చిన సొమ్ము అది. ఇచ్చిన ఉద్దేశం ఒకటైనా ఫలితం మరొకటైంది.

అందుకే వెల్లడి నియమం అభిప్రాయాన్ని చూడకూడదు. హక్కులకు మద్దతిచ్చేవాటికీ, వ్యతిరేకించేవాటికీ, ఆ ఊసే లేని పన్నుల ప్రచారాలకూ ఒకే నియమం ఉండాలి. ఒక పక్షం విరాళాలనే బయటపెట్టమనే చట్టం అమెరికా రాజ్యాంగం ముందు ఒక్క రోజు కూడా నిలవదు, నిలవకూడదు కూడా. రేపు అధికారం మారితే అదే చట్టం హక్కుల సంఘాల దాతల మీదికి తిరుగుతుంది.

ఎవరి సొమ్ము?

కంపెనీకీ మనిషికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. తన జేబులోంచి వంద డాలర్లు తీసి తనకు నచ్చిన అభ్యర్థికి ఇచ్చే వ్యక్తి తన నమ్మకాన్ని ప్రకటిస్తున్నాడు. కంపెనీ ఖజానాలోంచి లక్ష తీసి ఇచ్చే అధికారి తనది కాని సొమ్మును ఖర్చు పెడుతున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు సాగే ఈ వ్యవహారంలో కనీసం దానం ఎవరికి వెళ్లిందో చెప్పమనడం అత్యాశ కాదు.

వాటాదారులకు నచ్చకపోతే వాటాలు అమ్ముకోవచ్చు కదా అని కొందరంటారు. ఏ కంపెనీ ఎవరికి ఇచ్చిందో తెలియనప్పుడు ఏది అమ్మాలో ఎలా తెలుస్తుంది? పైగా అమెరికాలో మధ్యతరగతి మదుపు చాలావరకు పదవీ విరమణ ఖాతాల్లో, పింఛను నిధుల్లో, సూచీ నిధుల్లో ఉంటుంది. ఒక ఉపాధ్యాయురాలి పింఛను నిధి వందలాది కంపెనీల్లో వాటాలు పట్టుకుని ఉంటుంది. ఆమె తన భాగస్వామిని పెళ్లాడే హక్కుకు అడ్డుపడే ప్రచారానికి ఆమె పొదుపే చేరుతుండవచ్చు. అందులో ఆమె ప్రమేయం లేదు, ఆమెకు సమాచారమూ లేదు.

ఉద్యోగుల మాటా అంతే. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసే తెలుగువారు లక్షల ఇళ్లకు తెలిసినవాళ్లే. గ్రీన్ కార్డు లేని విదేశీయులు అక్కడి ఏ ఎన్నికలోనైనా ఏ అభ్యర్థికైనా ఒక్క డాలరు విరాళమివ్వడాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అయితే వాళ్ల శ్రమతో పెరిగిన కంపెనీ రాబడిలోంచి యాజమాన్యం రాజకీయానికి ఎంతైనా మళ్లించవచ్చు. టార్గెట్‌కు బెంగళూరులో పెద్ద కార్యాలయం ఉంది. అక్కడ పనిచేసే ఉద్యోగికి మిన్నెసోటా ఎన్నికలో ఓటు లేదు, విరాళమిచ్చే హక్కు లేదు. తన పని ఫలం ఏ ప్రచారానికి ఇంధనమైందో తెలుసుకునే హక్కయినా ఉండాలి.

బ్రిటన్ ఈ విషయంలో ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ కంపెనీ ఏడాదిలో 5 వేల పౌండ్లకు మించి రాజకీయ విరాళాలివ్వాలంటే ముందుగా వాటాదారుల తీర్మానం కావాలి. ఇచ్చిన తర్వాత వార్షిక నివేదికలో చూపాలి. అక్కడి వ్యాపారం ఈ నియమం వల్ల కుప్పకూలలేదు. అమెరికాలో కోరుతున్నది అంత కూడా కాదు. ఇవ్వవద్దని ఎవరూ అనడం లేదు. ఇచ్చింది చెప్పమంటున్నారు.

‘సిటిజన్స్ యునైటెడ్’ తీర్పు రాసిన జస్టిస్ ఆంథనీ కెనడీ కూడా ఈ వెల్లడి మీదే భరోసా పెట్టుకున్నారు. కంపెనీ ఖర్చు సంస్థ ప్రయోజనానికి పనికొస్తుందో లేదో వాటాదారులు తేల్చుకోగలరని, నాయకులు ధనబలానికి లోబడ్డారో లేదో పౌరులు చూడగలరని ఆయన రాశారు. కంపెనీల ఖర్చును అనుమతించే విషయంలో కోర్టు 5-4గా చీలింది. వెల్లడి తప్పదనే విషయంలో మాత్రం 8-1తో ఒక్కటైంది. అంటే కంపెనీలకు దక్కిన స్వేచ్ఛకు ప్రతిగా జనానికి వెలుతురు దక్కాలన్నది ఆ తీర్పులోని ఒప్పందం. కంపెనీలు స్వేచ్ఛను పూర్తిగా తీసుకున్నాయి, వెలుతురు బాకీ ఇప్పటికీ తీరలేదు.

వేధింపుల భయం నిజమే

ఆ ఒక్క అసమ్మతి జస్టిస్ క్లారెన్స్ థామస్‌ది. ఆయన చూపిన ఉదాహరణ కాలిఫోర్నియాలోని ప్రాపొజిషన్ 8. స్వలింగ వివాహాన్ని నిషేధిస్తూ 2008 నవంబరు 4న 52 శాతం ఓట్లతో నెగ్గిన రాజ్యాంగ సవరణ అది. వంద డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి దాత పేరు, ఊరు, వృత్తి, పనిచేసే సంస్థ రాష్ట్ర రికార్డుల్లో ఉంటాయి. ఆ జాబితాను కొందరు మ్యాపుల మీద ఎక్కించి ఎవరింటి నుంచి ఎంత వెళ్లిందో అంతర్జాలంలో పెట్టారు. నిషేధానికి మద్దతిచ్చినవారిలో కొందరికి బెదిరింపులు వచ్చాయి, కొందరు కొలువులు వదులుకోవలసి వచ్చింది.

ఈ భయాన్ని తీసిపారేయడం అన్యాయం. జాబితాలను ఆయుధంగా వాడింది ఒక్క పక్షమే కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2008 అక్టోబరులో ప్రాపొజిషన్ 8 ప్రచారకర్తలే హక్కుల పక్షానికి విరాళమిచ్చిన కంపెనీలకు లేఖలు పంపారు. మాకూ అంతే ఇవ్వండి, లేకుంటే మీ పేర్లు ప్రచురిస్తామన్నది వాటి సారాంశం.

స్వలింగ జంటల హక్కుల కోసం నిలబడేవారు మరో చరిత్రను కూడా మరవకూడదు. 1950లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన మట్టచీన్ సొసైటీ సభ్యుల్లో చాలామంది మారుపేర్లతో బతికారు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450 నంబరు ఉత్తర్వుతో స్వలింగ ప్రేమికులన్న అనుమానం మీదే వేలమంది ప్రభుత్వ కొలువులు పోయాయి. ఒక పేరు జాబితాలోకి ఎక్కితే జీవితం కూలిపోతుందని వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈనాటికీ చిన్న ఊళ్లో ఉండే ఒక యువకుడు హక్కుల సంఘానికి వంద డాలర్లిస్తే, ఆ బహిరంగ జాబితాయే అతని గుట్టు అతని తల్లిదండ్రులకు చేరవేయవచ్చు. వ్యక్తి గోప్యత స్వలింగ జంటల హక్కులకు శత్రువు కాదు. అది ఆ హక్కుల ఉద్యమానికి ఊపిరి పోసిన రక్షణల్లో ఒకటి.

అమెరికా న్యాయస్థానాలకు ఈ సంగతి కొత్త కాదు. 1958లో అలబామా రాష్ట్రం నల్లజాతి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ సభ్యుల జాబితా అడిగితే, సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. పేర్లు బయటపడితే సభ్యుల కొలువులకు, ప్రాణాలకు ముప్పని రుజువైంది గనుక. 1976 నాటి ‘బక్లీ’ తీర్పు అదే దారిలో వెళ్లి, వెల్లడి సాధారణ నియమంగా ఉంటుందని, వేధింపులు తప్పవని ఆధారాలు చూపగలిగిన బృందానికి మినహాయింపు ఉంటుందని తేల్చింది. 1982లో సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ ఆ మినహాయింపు సాధించుకుంది కూడా. 2010లో వాషింగ్టన్ రాష్ట్రంలో స్వలింగ భాగస్వామ్యాల చట్టాన్ని ప్రజాభిప్రాయానికి పెట్టాలని సంతకాలు చేసినవారు తమ పేర్లు దాచమని కోరినప్పుడు, కోర్టు మళ్లీ 8-1తో అదే సూత్రానికి కట్టుబడింది. చట్టాన్ని మార్చే పనికి పూనుకున్నవారు ఆ పనిలో తమ పేరు చెప్పగల ధైర్యం చూపాలని జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా విడిగా రాసిన తీర్పు చెబుతుంది. ఆయన స్వలింగ వివాహానికి గట్టి వ్యతిరేకి. ఈ సూత్రం ఏ పక్షపు సొత్తూ కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మనుషులకు వర్తించే ఈ భయం కంపెనీలకు వర్తిస్తుందా? కంపెనీకి ఇల్లు లేదు, కిటికీ అద్దాలు పగలగొడతారన్న బెంగతో నిద్రపట్టని రాత్రి లేదు. దానికి ఎదురయ్యేది అమ్మకాల నష్టం, పేరుకు మచ్చ, వాటాదారుల ప్రశ్న. అవన్నీ వ్యాపారంలో రోజూ ఉండేవే. 2012లో చిక్-ఫిల్-ఎ ఉదంతం చూడండి. ఆ కోడిమాంసం రెస్టారెంట్ల సంస్థకు అనుబంధమైన ఫౌండేషన్ స్వలింగ వివాహ వ్యతిరేక సంస్థలకు నిధులిస్తోందని పన్ను పత్రాల ద్వారా బయటపడింది. ఒక వర్గం బహిష్కరించింది. మరో వర్గం ఆగస్టు 1న సంఘీభావంగా దుకాణాల ముందు బారులు తీరింది. ఇద్దరికీ సమాచారం అందింది, ఇద్దరూ తమ మనసు చెప్పినట్టు నడుచుకున్నారు. 2019లో ఆ సంస్థ తన దాన విధానాన్ని మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. వినియోగదారుడికి తెలియజేయడమంటే ఫలానా దారిలో నడవమని శాసించడం కాదని ఆ బారులే రుజువు.

ఇక్కడే ఇంకో గీత కూడా గీయాలి. వెల్లడైన సమాచారాన్ని పౌరులు వాడుకోవచ్చు, ప్రభుత్వం కక్ష సాధింపునకు వాడకూడదు. చిక్-ఫిల్-ఎను తమ నగరంలోకి రానివ్వబోమని బోస్టన్ మేయర్ అనడం తప్పు. తమ బిల్లును విమర్శించినందుకు డిస్నీకి ఉన్న ప్రత్యేక జిల్లా పాలనాధికారాన్ని ఫ్లోరిడా ప్రభుత్వం లాక్కోవడమూ అంతే తప్పు.

తలకిందులుగా ఉన్న చట్టం

ఈ గీతల వెలుగులో ఇప్పటి చట్టాన్ని చూస్తే అన్యాయం ఎక్కడుందో తెలుస్తుంది. బ్రెండన్ ఐక్ అనే ఇంజినీరు 2008లో ప్రాపొజిషన్ 8కు వెయ్యి డాలర్లిచ్చారు. రాష్ట్ర నిబంధన ప్రకారం ఆయన పేరు పక్కనే ఆయన పనిచేసే మొజిల్లా పేరూ నమోదైంది. మొజిల్లా ఒక్క సెంటు ఇవ్వలేదు. 2014 మార్చిలో ఆయన ఆ సంస్థ సీఈఓ అయ్యారు, ఆ పాత విరాళంపై నిరసన పెల్లుబికి, ఏప్రిల్ 3న తప్పుకున్నారు. ఆయన అభిప్రాయం ఇంకొకరి హక్కును హరించేదేనని నేను నమ్ముతాను. సొంత జేబులోంచి ఇచ్చిన వెయ్యి డాలర్లకు ఆరేళ్ల తర్వాత అంత మూల్యం చెల్లించాల్సి రావడం ఆలోచించదగిన విషయమేననీ నమ్ముతాను.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అదే చట్టవ్యవస్థలో ఒక కంపెనీ ఏదైనా వాణిజ్య సంఘానికి లేదా ‘సామాజిక సంక్షేమ’ సంస్థకు లక్షల డాలర్లు ఇస్తే, ఆ సంఘం వాటిని ఎన్నికల ప్రకటనలకు ఖర్చు పెడితే, సాధారణంగా ప్రకటన మీద కనిపించేది సంఘం పేరే. కంపెనీ పేరు ఎక్కడా రాదు. వెయ్యి డాలర్లిచ్చిన మనిషి పేరు, ఊరు, కొలువు బజారున పడతాయి. ఖజానాలోంచి లక్షలు గుమ్మరించిన కంపెనీ తెర వెనక నిశ్చింతగా ఉంటుంది. రక్షణ అక్కరలేనివాడికి రక్షణ, అవసరమైనవాడికి బహిరంగ జాబితా! తిప్పి పెట్టవలసింది దీన్నే.

మెయిన్ రాష్ట్రం అనుభవం ఈ తెర ఎంత దట్టమో చూపుతుంది. 2009లో అక్కడి శాసనసభ చేసిన స్వలింగ వివాహ చట్టాన్ని ఆ ఏడాది నవంబరులోనే ప్రజాభిప్రాయ ఓటింగ్ ద్వారా రద్దు చేయించారు. ఆ ప్రచారానికి నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ మ్యారేజ్ దాదాపు 19 లక్షల డాలర్లు తరలించింది. తన దాతలెవరో చెప్పమని రాష్ట్రం అడిగితే కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. 2014లో అక్కడి ఎన్నికల నైతిక కమిషన్ 50,250 డాలర్ల జరిమానా వేసింది. 2015లో గానీ పేర్లు బయటికి రాలేదు. ఈలోగా 2012లో మెయిన్ ఓటర్లు మళ్లీ ఓటేసి ఆ వివాహాలను అనుమతించారు. 2015 జూన్ 26న సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆ హక్కునిచ్చింది. మూడేళ్ల పాటు పెళ్లి చేసుకోలేకపోయిన జంటలకు, తమ చట్టాన్ని ఎవరి సొమ్ము రద్దు చేయించిందో ఆరేళ్ల తర్వాత తెలిసింది. ఓటు వేసే రోజున అందని సమాచారం ఓటరుకు సమాచారమే కాదు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరగకపోలేదు. 2010 జూన్‌లో ‘డిస్‌క్లోజ్’ బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గింది. సెనేట్‌లో 60 ఓట్లు దొరకక అదే ఏడాది రెండుసార్లు ఆగిపోయింది. 2011లో పదిమంది న్యాయశాస్త్ర ఆచార్యులు, స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలన్నీ రాజకీయ వ్యయాన్ని వాటాదారులకు చెప్పేలా నియమం చేయాలని సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్‌ను కోరారు. ఆ అర్జీ మీద పది లక్షలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2015 డిసెంబరులో కాంగ్రెస్ ఏం చేసింది? అలాంటి నియమాన్ని ఖరారు చేయడానికి నిధులు వాడరాదని ఆ కమిషన్ చేతులు కట్టేస్తూ వ్యయ బిల్లులో ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం తర్వాతి బడ్జెట్లలోనూ కొనసాగుతూ వచ్చింది.

చట్టం ఆగినచోట స్వచ్ఛంద వెల్లడి కొంత నడిచింది. 2003లో ఏర్పడిన సెంటర్ ఫర్ పొలిటికల్ అకౌంటబిలిటీ వాటాదారుల తీర్మానాల ద్వారా కంపెనీలపై ఒత్తిడి తెచ్చింది. 2011 నుంచి పారదర్శకత సూచీ ప్రకటిస్తోంది. చాలా పెద్ద కంపెనీలు తమ వెబ్‌సైట్లలో విరాళాల విధానం పెట్టడం ఈ కృషి ఫలితమే. అయితే ఇష్టంతో ఇచ్చిన వెలుతురును ఇష్టంతోనే ఆపేయవచ్చు. నిజాయతీగా చెప్పిన కంపెనీ విమర్శలు మూటగట్టుకుంటుంది, దాచిన కంపెనీ దర్జాగా ఉంటుంది. 2010లో టార్గెట్‌ను చూసి కొన్ని సంస్థలు నేర్చుకోగల పాఠం ‘ఇవ్వకూడదు’ అని కాకుండా ‘సంఘం పేరుతో ఇవ్వాలి’ అని అయితే, ఆ తప్పు సగం మీదే అమలైన చట్టానిది.

బాండ్లు నేర్పిన పాఠం

ఈ చర్చ తెలుగు పాఠకుడికి పరాయిది కాదు. 2017లో మన కేంద్ర ప్రభుత్వం ఆర్థిక చట్టం ద్వారా ఎన్నికల బాండ్లు తెచ్చింది. కంపెనీల చట్టంలోని 182వ సెక్షన్‌ను సవరించి, మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని ఎత్తేసింది. ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లెక్కల్లో రాయాలన్న నియమాన్నీ తొలగించింది. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పథకాన్ని, సవరణలను కొట్టేసింది. మార్చిలో ఎన్నికల సంఘం జాబితాలు బయటపెట్టాక, బాండ్లు కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్‌దని, అది కొన్న బాండ్ల విలువ రూ.966 కోట్లని దేశానికి తెలిసింది. తెలుగు రాష్ట్రాల పార్టీలకు ఆ మార్గంలో వందల కోట్లు వచ్చాయనీ తెలిసింది.

ఆ తీర్పులో ఈ వ్యాసానికి కావలసిన సూత్రం ఉంది. సామాన్య పౌరుడు రాజకీయ అభిమానంతో ఇచ్చే విరాళానికి గోప్యత హక్కు వర్తిస్తుందని కోర్టు ఒప్పుకుంది. విధానాలను ప్రభావితం చేయడానికి ఇచ్చే డబ్బుకు ఆ ముసుగు లేదంది. కంపెనీల విరాళాలు పూర్తిగా వ్యాపార లావాదేవీలని, ప్రతిఫలం ఆశించి ఇచ్చేవని, వాటిని వ్యక్తుల విరాళాలతో ఒకే గాటన కట్టడం అసమంజసమని తేల్చింది. మిన్నెసోటాకూ మెయిన్‌కూ కాలిఫోర్నియాకూ ఇదే సూత్రం సరిపోతుంది.

స్వలింగ జంటల హక్కుల విషయంలో ఈ సూత్రం మనకు ఇప్పుడు మరీ అవసరం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి పరస్పర అంగీకార సంబంధాలను తప్పించింది. వివాహ హక్కు కోసం హైదరాబాద్‌లో నివసించే ఒక జంట, మరికొందరు వేసిన పిటిషన్లపై 2023 అక్టోబరు 17న తీర్పిస్తూ, అది చట్టసభ తేల్చవలసిన విషయమంది. కోర్టు ఆ నిర్ణయాన్ని పార్లమెంటుకు అప్పగించిందంటే, ఇకపై ఆ హక్కు పార్టీల చేతుల్లో ఉందన్నమాట. పార్టీలను పోషించేది ఎవరి డబ్బో తెలుసుకోవడం ఆ జంటలకు కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. జూన్ నెలలో కార్యాలయ ద్వారానికి ఇంద్రధనుస్సు రంగులు పూసే కంపెనీలు మన నగరాల్లోనూ పెరిగాయి. ఆ కంపెనీలు విరాళాలిచ్చే పార్టీలు ఆ హక్కుపై చట్టసభలో ఏ వైఖరి తీసుకుంటున్నాయో అక్కడి ఉద్యోగులు అడగడం మొదలుపెట్టాలి.

చేయవలసిన పని

దాయవలసిందీ చెప్పవలసిందీ కలగాపులగం కాకుండా చట్టం చేయడం కష్టమేమీ కాదు. మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ, నిర్ణీత పరిమాణానికి మించిన ప్రతి ప్రైవేటు సంస్థ, తాను ఇచ్చిన ప్రతి రాజకీయ విరాళాన్నీ పోలింగుకు ముందే ప్రకటించాలి. అభ్యర్థికి నేరుగా ఇచ్చినా, రాజకీయ నిధికిచ్చినా, వాణిజ్య సంఘం ద్వారా వెళ్లినా, సంక్షేమ సంస్థ ద్వారా వెళ్లినా మొదటి దాత పేరు చివరిదాకా వెంట రావాలి. ఆ విరాళాన్ని డైరెక్టర్లలో ఎవరు ఆమోదించారో, కంపెనీ తన ఉద్యోగులకూ కొనుగోలుదారులకూ ప్రకటించిన విలువలతో అది ఎలా పొసుగుతుందో వార్షిక నివేదికలో రాయాలి. ఈ చివరి నియమం ఒక్కటి 2010లో ఉండి ఉంటే టార్గెట్ బోర్డు గదిలోనే ఎవరో ఒకరు ఎమ్మర్ గురించి అడిగి ఉండేవారు.

ఇంకో వైపు, వ్యక్తుల విషయంలో చట్టం చేయి వెనక్కి తీసుకోవాలి. వంద డాలర్ల దాతను బజారున నిలబెట్టే కాలిఫోర్నియా తరహా పరిమితిని బాగా పెంచాలి. చిన్న దాతల చిరునామాలు, వాళ్లు పనిచేసే సంస్థల పేర్లు బహిరంగ జాబితాల నుంచి తీసేయాలి. నిజమైన వేధింపు రుజువు చేసినవారికి 1958 నుంచీ ఉన్న మినహాయింపు ఏ పక్షం వారికైనా అందాలి.

టామ్ ఎమ్మర్ తర్వాత అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2022లో స్వలింగ వివాహాలకు ఫెడరల్ రక్షణ కల్పించే బిల్లుకు అనుకూలంగా ఓటేశారు. మరుసటి ఏడాది స్పీకర్ పదవి అంచుదాకా వెళ్లినప్పుడు ఆ ఓటే ఆయనకు సొంత పార్టీలో అడ్డంకుల్లో ఒకటైంది. టార్గెట్ కూడా 2014లో వివాహ సమానత్వానికి మద్దతుగా కోర్టుకు నివేదించింది. నాయకుడూ మారాడు, కంపెనీ కూడా మారింది. విరాళం వెల్లడి కావడం ఎవరి నుదుటా చెరగని ముద్ర వేయలేదు. ప్రశ్న అడిగే అవకాశాన్ని ఇచ్చింది, జవాబు వెతుక్కునే బాధ్యతను పెట్టింది. తమ పెళ్లి, తమ కొలువు, తమ పిల్లల బడి ఎవరో కొన్న ప్రకటనల మీద ఆధారపడిన మనుషులకు ఆ ప్రకటనలకు డబ్బెవరిదో చెప్పడం ప్రజాస్వామ్యం చేయగల కనీస న్యాయం. ఆ న్యాయం కంపెనీల దయ మీద ఆధారపడకూడదు, చట్టంలో ఉండాలి.